రవ్వల మేస్త్రి కారు షెడ్డు

కారు షెడ్డును గది అనడానికి లేదు, ఆరుబయలు అనడానికీ లేదు. పైన కప్పుంటుంది, చుట్టూ గోడలుండవు. ఆదిమానవుడు గుహలోంచి బయటపడ్డాక ముందు గోడ లేపాడా, కప్పు వేశాడా అని పుస్తకాల నిండా వాదించుకునే పండితులున్నారు. వాళ్లు ఒక్కసారి ఏ వీధి మొగలోనైనా నిలబడి చూస్తే సరిపోతుంది. మనిషికి కాస్త జాగా దొరికితే ముందు నెత్తిన ఒక రేకు పడాలి. గోడల సంగతి తర్వాత. ఆ రేకు కింద కారు పేరుకే ఉంటుంది. చక్రం ఊడిన సైకిలు, అడుగున గడ్డకట్టిన రంగు డబ్బాలు, ఎవరూ కూర్చోని, ఎవరూ పారేయని ఒక కుర్చీ, ఇవీ అసలు కాపురస్థులు.

ఆ ఊళ్లో అలాంటి షెడ్లు సగానికి సగం రవ్వల మేస్త్రి చేతి మీదుగా లేచినవే. వెల్డింగ్ చేసేటప్పుడు చెదిరే నిప్పురవ్వల వల్ల వచ్చిన పేరది. ఆయన చొక్కా చేతుల మీద సన్నటి చిల్లులు లేకుండా చూసినవాళ్లు లేరు. "ఈయన చొక్కాలు ఆరేస్తే వాటి నీడక్కూడా చిల్లులుంటాయి" అంటుంది ఆయన భార్య. ఆవిడ బస్సు డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చుని ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి. క్యూలో తోసుకునేవాణ్ణి, చిల్లర లేదని నసిగేవాణ్ణి, బస్సు వెళ్లిపోయిందని ఏడ్చేవాణ్ణి ఒకే గొంతుతో సముదాయించిన మనిషి. ఇంట్లోనూ అదే గొంతు. మేస్త్రి దాన్ని దాటి పోయిన దాఖలాలు లేవు.

కిందటి ఏడు గాలివానకు ఊరి మీద రేకులన్నీ కాగితాల్లా లేచిపోయాయి. మేస్త్రి ఇంటి షెడ్డు రేకులూ లేచిపోయాయి. వాటిలో ఒకటి ఎక్కడ దిగిందో ఈనాటికీ తెలీదు. మర్నాటినుంచి ఆయనకు ఊపిరి సలపని పని. ఎవరి రేకు చూసినా ఈయనే బిగించాలి. "మనదెప్పుడు?" అని భార్య అడిగితే "మనదెక్కడికి పోతుంది?" అనేవాడు. ఈ జబ్బు ఆయనొక్కడిదే కాదు. దర్జీ భార్య జాకెట్టుకు హుక్కులుండవు, గడియారాలు బాగుచేసేవాడి ఇంట్లో వేళ తెలీదు.

కారుకూ ఇంటి పక్కవైపు తలుపుకూ మధ్య నాలుగడుగుల జాగా, తలుపు దగ్గర ఒక సిమెంటు మెట్టు. పైన కప్పు లేక మెట్టు తడిసింది. ఒక పొద్దున ఆవిడ దాని మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు, అతికింది. "ఇక నడక మీదే ఉంది అంతా" అన్నాడు వ్యాయామం చేయించే డాక్టరు. "మా దగ్గరికి రోజూ రావాలి. మానేస్తే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుంది. తర్వాత నేను కాదు కదా, నన్ను కన్నవాళ్లొచ్చినా లాభం లేదు."

ఎండ కాసిన రోజు ఆవిడ మేస్త్రి భుజం పట్టుకుని కారు దాకా నడిచి, డాక్టరు దగ్గరికి వెళ్లేది. మెట్టు మీద తడి కనిపిస్తే మాత్రం ససేమిరా అనేది. ఒకసారి మేస్త్రి తెలివితక్కువగా వాకిలి కడిగితే ఆ రోజూ మానేసింది. మంచమూ కిటికీ, కిటికీ మంచమూ. అవతల వానలు దగ్గరపడుతున్నాయి. వానలంతా ఇంట్లో కూర్చుంటే కాలు ఏమవుతుందో డాక్టరు చెప్పనే చెప్పాడు. అందుకని మేస్త్రి తన జీవితంలో మొదటిసారి ఊరివాళ్ల పని పక్కనపెట్టి సొంత షెడ్డు తలకెత్తుకున్నాడు. కారు మీదే కాదు, తలుపు దాకా రేకు వేయాలి. మెట్టు మీద చుక్క పడకూడదు.

ఇదివరకైతే పొద్దున అనుకుంటే సాయంత్రానికి లేపేసేవాడు. ఇప్పుడు రోజులు మారాయి. ఆఫీసు అనుమతి లేకుండా రేకు ఎత్తితే దింపించేస్తున్నారు. వెనక వీధిలో ఆయన వేసిన షెడ్డును అలాగే దింపించారు. దింపిందీ ఆయనే. ఎత్తినందుకూ కూలి, దింపినందుకూ కూలి. అప్పుడు నవ్వాడు గానీ, ఇప్పుడు ఆ నవ్వు లేదు.

ఇళ్ల అనుమతుల ఆఫీసులో కిటికీ వెనక కళ్లద్దాల అమ్మాయి ఒకతి కూర్చుని ఉంది. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా తాడుతో బల్లకు కట్టేశారు. ఆ తాడు చాలక రాసేవాళ్లంతా బల్ల మీదికి సాష్టాంగపడి రాస్తున్నారు.

"రిపేరా, కొత్తదా?" అంది ఆ అమ్మాయి.

"రిపేరేనమ్మా. గాలికి రేకులు పోయాయి. గుంజలున్నాయి."

ఆ అమ్మాయి కంప్యూటర్లోకి చూసింది. "మీ ఇంటికి షెడ్డే లేదండీ."

"అదేగా నేను చెప్పేది! లేదు. గాలికి పోయింది."

"అది కాదు బాబాయ్‌గారూ. గాలికి ముందూ లేదు. మా లెక్కలో ఎప్పుడూ లేదు. లేనిదానికి రిపేరేంటి? కొత్తదని పెట్టుకోండి."

"మరి ఆ గుంజలు ఎవరివమ్మా?"

"గుంజల మాట మీరు అనలేదు, నేను వినలేదు" అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "కొత్తదని పెట్టుకోండి. ఇక్కడ మీ జాగా చూస్తే కప్పు పక్కింటి గోడకి బాగా దగ్గరగా వస్తుంది కాబట్టి వాళ్లని ఒప్పించి, మాకు అభ్యంతరం లేదనిపించాలి. అది లేకపోతే నా చేతిలో ఏమీ లేదు."

పక్కింట్లో ఉండేది కుట్టక్క. ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది గనక ఆవిడ అనే ప్రతి మాటకూ మొన ఉంటుంది. మేస్త్రి భార్యకు ఆవిడంటే ప్రాణం. గోడ మీదుగా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకుంటారు. మేస్త్రి కనిపిస్తే మాత్రం కుట్టక్క తల తిప్పేసుకుంటుంది. ఎందుకో ఆయనకు తెలుసు. ఎప్పుడో వానాకాలంలో ఆవిడ మీ రేకు నీళ్లు మా గోడ మీద పడుతున్నాయంటే, "వాన పైనుంచి పడుతుందక్కా, నా జేబులోంచి కాదు" అన్నాడు. అంతే, అప్పటినుంచీ మాటల్లేవు.

వెళ్లక తప్పలేదు. వెళ్లాడు. కుట్టక్క ఎవరిదో రవిక చంక దగ్గర విప్పుతోంది. తలెత్తలేదు.

"అక్కా, షెడ్డు వేసుకుందామని."

"వేసుకో. నీ ఇల్లు, నీ రేకు, నీ వాన."

"నీకు అభ్యంతరం లేదని చెప్పాలంట ఆఫీసులో."

కుట్టక్క సూదులు నోట్లోంచి తీసి దిండుకు గుచ్చింది. లేచి, "ఇట్లా రా" అని మేస్త్రిని గదిలో అవతలి మూలకు తీసుకెళ్లింది. అక్కడ కిటికీ ఉంది. కిటికీ కింద నేల నుంచి నడుమెత్తు దాకా గోడ ఉబ్బి, సున్నం పెచ్చులుగా లేచి, బూజు పట్టి ఉంది. చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

"మిషను ఇక్కడుండేది" అంది కుట్టక్క. "వెలుతురు ఇక్కడే. గుడ్డలకి చెమ్మ పట్టి వాసనొస్తున్నాయని ఆ చీకటి మూలకి జరుపుకున్నా. కిటికీకి వీపు పెట్టి కుట్టుకుంటున్నా ఇన్నేళ్లూ. నీ రేకు మీద పడ్డ ప్రతి చుక్కా నా గోడని పలకరించిగానీ పోయేది కాదు."

మేస్త్రి గోడ వంక చూస్తూ నిలబడిపోయాడు. కట్టిన షెడ్డును ఆయన ఎప్పుడూ తన వైపు నుంచే చూశాడు. ఇంట్లోకి నీళ్లు రాకూడదు, వాలు బయటికి పెట్టు మేస్త్రీ అని అందరూ అంటారు. ఆయనా చెయ్యి అలవాటుగా బయటికే పెడతాడు. ఆ బయట అనేది మరొకరి ఇల్లన్న మాట ఎవరూ అనలేదు, ఆయనకూ తట్టలేదు.

"నువ్వు వేసిన షెడ్లన్నీ ఇంతేగా" అంది కుట్టక్క. "ఊళ్లో నిన్ను తలుచుకునే గోడలు ఎన్నున్నాయో."

"వాలు గేటు వైపు తిప్పుతానక్కా. తూము పెట్టి నీళ్లు మా చెట్ల మొదట్లో వదిలేస్తా. ఈ గోడ గీకించి సున్నం కూడా నేనే వేయిస్తా."

"సున్నం తర్వాత. ముందు వాలు." కుట్టక్క మళ్లీ రవిక అందుకుంది. "ఆఫీసుకి ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా. నీ మొహం చూసి కాదు. ఆ పిల్ల మంచానికి అతుక్కుపోతుంటే చూళ్లేకపోతున్నా."

ఆ పిల్లకు మనవలున్నారు. అయినా కుట్టక్క లెక్కలో తనకన్నా ఒక్క ఏడు చిన్నయినా పిల్లే.

మేస్త్రికి నెత్తి మీది కొండ దిగినట్టయింది. షెడ్డుకు ప్లాను గీసుకున్నాడు, కొలతలు వేసుకున్నాడు, రేకుల దుకాణంలో మంచి రేకులు విడిగా పెట్టించాడు. మర్నాడు ఛాతీ విరుచుకుని కిటికీ ముందు నిలబడ్డాడు. కళ్లద్దాల అమ్మాయి ప్లాను చూసింది, కంప్యూటరు చూసింది, మేస్త్రిని చూసింది.

"మీరెవరండీ?"

"అదేంటమ్మా! మొన్న వచ్చానుగా. ఇంటి యజమానిని."

"ఇక్కడ ఇల్లు ఒకావిడ పేరు మీద ఉంది."

"ఆవిడకి యజమానిని నేనే కదమ్మా."

వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఆ మాట ఇంటికెళ్లి ఆవిడ ముందు అనండి. అర్జీ మాత్రం ఆవిడే పెట్టాలి."

నిజమే. ఆ ఇల్లు కొన్నప్పుడు మేస్త్రి ఎక్కడో నది మీద వంతెన పనిలో ఉన్నాడు. రావడానికి వీల్లేకపోతే ఆవిడే వెళ్లి సంతకాలు పెట్టి, తాళాలు తీసుకుని, సామాను చేర్చి, ఆయన వచ్చేనాటికి పొయ్యి వెలిగించి కూర్చుంది. ఆయనకా సంగతి తెలీక కాదు. చొక్కా జేబులో పెట్టుకున్న కళ్లజోడులా, ఉందని తెలిసీ గుర్తుకు రాదు. అందరూ మేస్త్రి ఇల్లనే అన్నారు, ఆయనా అదే అన్నాడు.

"ఆవిడ రాలేదమ్మా" అన్నాడు మేస్త్రి. "తుంటి విరిగింది. ఆవిడ రావడానికేగా ఈ రేకంతా."

ఆ అమ్మాయి మొహం మెత్తబడింది. "అయ్యో. అయితే ఒక దారుంది. ఆవిడ నడవలేరని డాక్టరుతో రాయించి తీసుకురండి. మా మనిషే ఇంటికొచ్చి మంచం దగ్గరే సంతకం పెట్టించుకుంటాడు."

మేస్త్రి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఇంటికొస్తూనే గుమ్మంలోంచే కేకేశాడు.

"ఏమేవ్! పనైపోయింది. నువ్వు కదలక్కర్లేదు. డాక్టరుతో ఒక్క ముక్క రాయిస్తే చాలు."

"ఏం ముక్క?" అంది ఆవిడ కిటికీ దగ్గర నుంచి.

"నువ్వు నడవలేవని."

ఆవిడ క్యూ అంతా అరుస్తున్నా డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు ఎలా ఊరుకునేదో అలా ఊరుకుంది. మేస్త్రికి అది గొంతు పెంచడం కంటే భయం.

"రాయిస్తావా?" అంది చివరికి.

"ఊరికే ఆఫీసు కోసమే. రాసినంత మాత్రాన..."

"రాసింది పోదయ్యా. అక్కడ ఒక డబ్బాలో ఉండిపోతుంది. నేను పోయాక కూడా ఫలానా ఆవిడ నడవలేదు అని ఉంటుంది. నేను నడవలేనా?"

"నడుస్తావులే. తడి లేకపోతే..."

"నీ తడి పాడుగాను. నడవలేనా, భయమేసి నడవట్లేదా?"

ఆ రెండిటికీ తేడా డాక్టరుకు తెలుసు, ఆవిడకు తెలుసు. మేస్త్రికి మాత్రం ఇప్పుడే తెలిసినట్టుంది.

"కుట్టక్కని కేకెయ్యి" అంది ఆవిడ. "రేపు ముగ్గురం వెళ్దాం. చీర ఆ నీలంది తీసిపెట్టు. డ్యూటీకి కట్టుకునేదాన్ని."

మర్నాడు ఆకాశం ఆవిడ ధైర్యాన్ని పరీక్షించాలనుకుందో ఏమో, పొద్దున్నే సన్నటి తుంపర మొదలుపెట్టింది. మెట్టు నల్లగా తడిసింది. ఆవిడ తలుపు పట్టుకుని దాని వంక చాలాసేపు చూసింది. ఒక పక్క మేస్త్రి, ఇంకో పక్క కుట్టక్క.

"ఇంకో రోజు పోదామా?" అన్నాడు మేస్త్రి.

"నువ్వు నోర్మూసుకుని మోచెయ్యి ఇవ్వు" అంది కుట్టక్క. "దిగు పిల్లా. పడితే నా మీదే పడు, నేను మెత్తగానే ఉంటా."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కాలు కింద పెట్టింది. మెట్టు ఆవిడను ఏమీ చేయలేదు. కారు దాకా ఆ నాలుగడుగులూ నడవడానికి పట్టిన సేపట్లో మేస్త్రి రెండు గుంజలకు అతుకులు వేసి ఉండేవాడు. కానీ నడిచింది.

ఆఫీసుకు మెట్లున్నాయి. ఆ సంగతి మేస్త్రికి గుర్తే లేదు. ఆయన వాటిని రెండేసి చొప్పున ఎక్కిపోయేవాడు. పక్కన ఇనప కమ్మీ ఉంది. ఆవిడ ఇద్దర్నీ వదిలేసి రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. మంచి కాలు ముందు, అతికిన కాలు వెనక. మేస్త్రి కింద మెట్టు మీద, పడితే పట్టుకోవడానికి చేతులు చాచి, ఒక్కో మెట్టే ఎక్కాడు. అలవాటు చొప్పున కళ్లు మాత్రం కమ్మీ అతుకుల మీదే ఉన్నాయి. ఎవడో పనిదొంగ చేసిన అతుకులు. అయినా కమ్మీ కదల్లేదు.

కిటికీ దగ్గర కళ్లద్దాల అమ్మాయి ఆవిణ్ణి చూసి లేచి నిలబడింది. "అయ్యో అమ్మా, మేమే వచ్చేవాళ్లం కదా!"

"కూర్చో తల్లీ. కిటికీ వెనకున్నవాళ్లు లేస్తే క్యూ చెదిరిపోతుంది" అంది ఆవిడ. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఆ అమ్మాయి ప్లానును తిప్పి చూపించింది. కుట్టక్క కిటికీలోకి వంగి, వాలు గేటు వైపు తిప్పుతున్నారు గనక తనకు అభ్యంతరం లేదని, తిప్పకపోతే బోలెడు అభ్యంతరముందని ఆఫీసంతా వినేలా చెప్పింది. అంతా అయిందనుకుంటుండగా ఆ అమ్మాయి వేలు ప్లాను చివర ఆగింది.

"ఈ కప్పు ఇంటి గోడకి ఆనుతోందే. ఆనితే షెడ్డు కాదు, ఇల్లు పెంచినట్టు లెక్క. పై ఆఫీసుకి పోవాలి, ఇంజనీరు చూడాలి. వానలు వెళ్లిపోయాక గానీ రాదు. ఆనకుండా విడిగా నిలబెట్టుకుంటే ఈ వారంలోనే ఇచ్చేస్తాం."

"తలుపు దాకా ఉండాలమ్మా!" మేస్త్రి గొంతు లేచింది. "అసలు ఈ షెడ్డంతా ఆ నాలుగడుగుల కోసమేగా! కారుకి జలుబు చేస్తుందని వేస్తున్నానా?"

"రూల్ అలా ఉంది బాబాయ్‌గారూ."

ఆవిడ ప్లాను తనవైపు లాక్కుంది. తాడు కట్టిన పెన్ను అందుకుని, తాడు చాలక తనూ వంగి, తలుపుకు ఇవతల ఒక గీత కొట్టింది.

"ఇక్కడిదాకా చాలు."

"మరి మెట్టు తడుస్తుందే!"

"తడవనీ. ఇవాళ తడవలా?" ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "ఏంటయ్యా నువ్వు, వానని ఆపుదామని చూస్తావు. బయట మెట్లు ఎలా ఎక్కాను? కమ్మీ ఉంది, ఎక్కాను. మెట్టు దగ్గర నుంచి కారు దాకా అట్లాంటిదొకటి పెట్టు. పట్టుకుని నేనే పోతా. ఊరందరికీ ఇనుము అతికిస్తావు, ఆ మాత్రం అతికించలేవా?"

"కమ్మీకి ఏం అర్జీ పెట్టాలమ్మా?" అనడిగాడు మేస్త్రి కిటికీలోకి, బిక్కమొహంతో.

"కమ్మీకి అనుమతి అక్కర్లేదండీ" అంది ఆ అమ్మాయి.

ఆ సాయంత్రమే కమ్మీ తయారైంది. మేస్త్రి ఎత్తు కొలవబోతే, "నీ నడుముకి కాదు, నా చేతికి" అని ఆవిడ తలుపులో నిలబడి చెయ్యి చాచి చూపించింది. ఆ చెయ్యి ఎత్తుకే పెట్టాడు. అతుకుల మీద గరుకు లేకుండా ఆకురాయితో రుద్ది, మళ్లీ రుద్ది, తన చెంప దానికి ఆనించి చూసుకున్నాడు. ఊళ్లో ఎవరి షెడ్డుకూ అంత నునుపు చేసిన పాపాన పోలేదు.

అనుమతి ఆ వారం వచ్చింది. షెడ్డు లేచింది, తలుపుకు ఇవతలే ఆగింది, వాలు గేటు వైపు వంగింది. మొదటి పెద్దవానకు కుట్టక్క కిటికీ తెరిచి చెయ్యి బయటపెట్టి చూసి, "ఇటు రావట్లేదు మేస్త్రీ" అంది. ఆ మాట చాలాకాలం తర్వాత మేస్త్రికి సూది లేకుండా వినబడింది. ఆ మధ్యాహ్నమే ఆయన వెనక వీధికి వెళ్లి, తను వేసిన షెడ్ల అవతలి గోడలను ఒక్కొక్కటీ చూసొచ్చాడు. ఏం చూశాడో ఇంట్లో చెప్పలేదు. ఆ నెలంతా వాలులు తిప్పే పని పెట్టుకున్నాడు.

ఒకరోజు వ్యాయామానికి వెళ్లే వేళకు వాన కుండపోతగా ఉంది. మేస్త్రి గొడుగు విప్పి తలుపు దగ్గర నిలబడ్డాడు, "పట్టుకో" అని.

"గొడుగు పట్టుకుంటే కమ్మీ ఎవరు పట్టుకుంటారు?" అంది ఆవిడ.

కమ్మీ మీద చెయ్యి వేసింది. మెట్టు దిగింది. మేస్త్రి గొడుగు ఆవిడ నెత్తి మీద పెట్టి, తను మొత్తం తడుస్తూ వెనకే నడిచాడు. రేకు కిందికి చేరాక ఆవిడ ఆగి, ఊపిరి తీసుకుని, తడిచేతిని కొంగుకు తుడుచుకుంది.

"నించున్నావేం? కారు తలుపు తియ్యి. ఆలస్యమైతే ఆ డాక్టరు నన్నంటాడు."